బస్సు గంత జల్ది పోదు బిడ్డా

గాజులు తీసి కిటికీ గట్టు మీద పెడతాను. ఒక్కొక్కటీ, చప్పుడు కాకుండా. నిన్న రెండు గంటలు పాడి, తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ప్రతి చరణంలోనూ ఎక్కడో ఓ చోట సన్నగా కిణుక్కుమంది. కండెన్సర్ మైకుకి పాట ఏదో, గాజు ఏదో తేడా తెలియదు. గుటక వేసినా పడుతుంది, చున్నీ భుజం మీంచి జారినా పడుతుంది. అందుకే ఈ రోజు చున్నీ కూడా తీసి కుర్చీకి వేశాను.

విద్యానగర్‌లో రెండో అంతస్తు, ఒక్క గది. కిటికీకి రెండు బొంతలు కట్టాం. తలుపుకి ఇంకోటి, అమ్మ పాత చీరలన్నీ కలిపి కుట్టింది. మే నెల. ఫ్యాన్ ఆపేశాం, కూలర్ ఆపేశాం, వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాం. కింద ఇంటి ఓనర్ ఆంటీని బతిమాలి వచ్చాను: "ఆంటీ, ఒక్క గంట బోరు మోటర్ వేయకండి." ఆవిడ గడియారం చూసి "తొమ్మిదిన్నర దాకే" అంది. ఇప్పుడు ఎనిమిది నలభై.

లాప్‌టాప్ ముందు కూర్చున్న అన్న చెయ్యి ఎత్తాడు. చెవుల్లో క్లిక్ మొదలైంది. టిక్ టిక్ టిక్ టిక్. నిమిషానికి నూట నాలుగు. నాలుగు దెబ్బలు విని, అయిదో దాని మీద పాట ఎత్తుకోవాలి.

ఎత్తుకున్నాను. మొదటి మాటలోనే 'భూమి' ఉంది. 'భ' పలికానో లేదో మైకులో టప్‌మని పేలింది. తెలుగులో వత్తులున్న అక్షరాలు పాడేవాళ్లకి మైకు ముందు పెద్ద పరీక్ష. భ, ఫ, ధ పలికినప్పుడు పెదాల్లోంచి, పళ్లలోంచి గాలి తూటాలా వెళ్లి మైకు పొరని కొడుతుంది. ఆపాం. ఎంబ్రాయిడరీ రింగుకి పాత నైలాన్ సాక్సు బిగించి చేసుకున్న అడ్డుతెర ఉంది, దాన్ని ఇంకో నాలుగు వేళ్లు ముందుకి జరిపాం. ముఖం కొంచెం పక్కకి తిప్పి, మైకు చెవి తమ్మెకి రహస్యం చెబుతున్నట్టు నిలబడ్డాను. ఈసారి 'భూమి' మెత్తగా వచ్చింది. ఈ ఒక్క మాటకి పదకొండు టేకులు.

ఆరు పాటల ఆల్బమ్ ఇది. సినిమాకి కాదు, ఎవరూ రాయించుకోలేదు, ఎవరూ డబ్బు పెట్టలేదు. నేను రాస్తాను, పాడతాను, గిటార్ వాయిస్తాను. బేస్ వాయించే అమ్మాయి పగలు ఓ బ్యాంకులో పని చేస్తుంది. డప్పు కొట్టే అన్నది చేవెళ్ల దగ్గర పల్లె. నేనూ, బేస్ అమ్మాయీ, లాప్‌టాప్ అన్నా ముగ్గురం జీతాల్లోంచి తలా కొంత దాచి, రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఒకటి, సెకండ్ హ్యాండ్ మైకులు రెండు కొన్నాం. ఖర్చు ఎంత బిగించినా డప్పన్న రోజు కూలి మాత్రం ఏ రోజుదారోజు ఆయన చేతిలో పెట్టాం. ఆయన పని పోగొట్టుకుని వస్తాడు. 'తర్వాత ఇస్తాం అన్నా' అనే మాట సంగీతంలో చాలామంది ఇళ్లు ముంచింది, మా నోట రాకూడదనుకున్నాం.

నేను ఇప్పుడు పాడుతున్నది నాలుగో పాట. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి పొద్దున్నే మొదటి బస్సులో పూల మూటలు ఎత్తుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వచ్చే ఆడవాళ్ల పాట. బంతి, చామంతి, గులాబీ. చీకట్లో ఎక్కి, తెల్లారేసరికి మార్కెట్‌లో మూట దించుతారు. పల్లవి చివర ఒకే ప్రశ్న, మూడుసార్లు: మూటెక్కిందా?

తొమ్మిది ఇరవై అయిదుకి టేకు ఓకే అయింది. తొమ్మిదిన్నరకి కింద మోటర్ గుర్రుమంది. ఆంటీ మాట మీద నిలబడే మనిషి.

*

డప్పు రికార్డు చేసిన రోజు సంగతి కూడా చెప్పాలి. అది లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆ రోజు ఎండకి తాళలేక గదిలో కూలర్ వేసి ఉంచాం. డప్పన్న గదిలోకొచ్చి, తోలు మీద వేలితో ఒక్క దెబ్బ వేసి మొహం చిట్లించాడు. "చెల్లె, ఇది సల్లవడ్డది. జర కాపాలె." డప్పు పట్టుకుని మేడ మీదికి నడిచాడు. వెనకే నేను. పాత న్యూస్‌పేపర్లు, రెండు ఎండు కొబ్బరి మట్టలు పోగేసి మంట పెట్టాడు. డప్పుని మంటకి జానెడు పైన పట్టుకుని, పళ్లెం తిప్పినట్టు మెల్లగా తిప్పుతున్నాడు. నడుమ నడుమ వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు. మొదట దబ్బుమంది. కొంతసేపటికి ఠప్. ఇంకాసేపు తిప్పాక ఆ చప్పుడికి ఒక కొస మొలిచింది, ఠంగ్‌మని పక్క బిల్డింగు గోడకి కొట్టి వెనక్కొచ్చింది. తోలు వాసన, పొగ వాసన. ఆయన ముంజేతి మీద వెంట్రుకలు కాలాయి, పట్టించుకోలేదు. వేడికి తోలులోని తేమ పోయి బిగుసుకుంటుంది. చల్లారితే మళ్లీ వదులవుతుంది. మా గిటార్‌కి చెవులు తిప్పి శ్రుతి చేసినట్టు, డప్పుకి నిప్పుతో శ్రుతి చేస్తారు. ఇప్పుడు ఫైబర్ డప్పులొచ్చాయి, వాటిని కాపక్కర్లేదు. ఆయన ఒప్పుకోడు.

గదిలోకి పరుగెత్తుకొచ్చాం. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. మొదటి దెబ్బకే స్క్రీన్ మీద మీటర్ ఎర్రగా వెలిగింది. గెయిన్ తగ్గించి, మైకు మూడడుగులు వెనక్కి జరిపాం. ఆయన చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి క్లిక్ వినిపించాం. నాలుగు నిమిషాలు కొట్టాడు. హెడ్‌ఫోన్స్ తీసి, నుదురు తుడుచుకుని అన్నాడు: "ఇదేంది చెల్లె, ఎన్క ఎవడో తరుముతున్నట్టున్నది."

నేను విన్నాను, విననట్టు ఊరుకున్నాను. అది నా తప్పు. స్క్రీన్ మీద గ్రిడ్‌లో దెబ్బలన్నీ గీతలకి అతికినట్టు కూర్చున్నాయి. అదే బాగున్నట్టు అనిపించింది.

*

లామకాన్. బంజారాహిల్స్‌లో అంత ఖరీదైన నేల మీద ఒక పాత ఇల్లు, బండరాళ్లు, పైన ఆకాశం. 2010లో తెరిచారు. లామకాన్ అంటే ఉర్దూలో ఇల్లంటూ లేనిది అని అర్థం. ఇక్కడ ఒక సాయంత్రం నాటకం, ఒక సాయంత్రం పుస్తకం మీద చర్చ, ఒక సాయంత్రం పాట. చాయ్, సమోసా పట్టుకుని ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

ఇక్కడికి రాకముందు ఓ రెస్టారెంట్‌లో పాడాం. రెండో పాట మధ్యలో మేనేజర్ వచ్చి చెవిలో "మేడమ్, సినిమా పాటలు పాడండి, కస్టమర్లు అడుగుతున్నరు" అన్నాడు. పాడాను. వెనకాల ప్లేట్ల చప్పుడు, బర్త్‌డే కేకు దగ్గర చప్పట్లు. ఒప్పుకున్న డబ్బు రెండు నెలలు తిరిగితే వచ్చింది. నాకు సినిమా పాటంటే ప్రేమే, వాటితోనే పెరిగాను. కానీ సొంత మాటని మధ్యలో ఆపి ఇంకొకరి మాట అందుకోమంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఆ రాత్రి బేస్ అమ్మాయి బైకు మీద వెనక్కి వస్తూ ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ఈ రోజు వేరు. ఏడుంపావు. డెబ్బై మంది దాకా ఉంటారు. వెనక మూలన అడిగి మరీ చిన్న మంట పెట్టుకుని డప్పన్న తోలు కాపుతున్నాడు. మాకు మానిటర్ స్పీకర్ లేదు, నా గొంతు నాకే సరిగా వినిపించడం లేదు. ముందు వరసలో బాపు కూర్చున్నాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవర్. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మోకాళ్ల మీద రెండు చేతులు, స్టీరింగ్ వదిలేసి ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు.

నాలుగో పాట ఎత్తుకున్నాం. చెవిలో క్లిక్ లేదు. మూడు దెబ్బలు పడగానే తెలిసింది, డప్పన్న వేగం తగ్గించేశాడు. తల తిప్పి చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు, జనం వైపు చూస్తున్నాడు. తరిమేవాడు ఎవడూ లేడు. సరే అని నేనూ అందులోకి దిగాను. పల్లవి చివరికొచ్చాను. మూటెక్కిందా? రికార్డింగులో ఇక్కడ ఊపిరి తీసుకునేంత సందు కూడా లేదు, వెంటనే చరణం. ఇక్కడ డప్పన్న నాలుగు దెబ్బల జాగా వదిలి, సిర్ర పైకెత్తి, ఊళ్లో ఎవరినో కేకేసినట్టు అన్నాడు: "ఎక్కింది!"

ఎవరో నవ్వారు. రెండోసారి అడిగాను. వెనక వరసలోంచి ఇద్దరు ముగ్గురు అన్నారు. మూడోసారి ప్రశ్న నా నోట పూర్తి కాకముందే డెబ్బై గొంతులు ఒక్కసారిగా, బండరాళ్లకి తగిలి తిరిగొచ్చేలా. ఎక్కింది. నా చేతులు గిటార్ మీదే ఉన్నాయి కానీ తీగ మీటడం మర్చిపోయాను. మీటకపోయినా పాట నడిచింది, డప్పు నడిపింది.

ఇదే పాటని నేను బొంతలు కట్టిన గదిలో ఇరవై మూడుసార్లు పాడాను. అందులో జవాబు కోసం ఒక ఖాళీ ఉందని ఒక్కసారీ తెలియలేదు. రాసిన నాకే తెలియలేదు.

రాత్రి పదికి మైకు బంద్. దేశమంతా ఉన్న రూలే, పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. తొమ్మిదిన్నరకే సర్దేశాం. చాయ్ గ్లాసు పట్టుకుని బాపు దగ్గరికొచ్చాడు.

"సినిమా పాటలు కావు గదా ఇవి?"

"కాదు బాపు."

"అంటే ప్రైవేటు పాటలు." ఆయన తరం మాట అది. ఘంటసాల పాడిన పుష్పవిలాపం, రేడియోలో లలిత సంగీతం, అన్నీ వాళ్లకి ప్రైవేటు పాటలే. ఇండిపెండెంట్ అనే మాట మాకు కొత్త గానీ, సినిమా పక్కనుంచి వేరే దారిలో నడిచే పాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది. చాయ్ ఊదుకుంటూ మళ్లీ అన్నాడు: "మంచిగుంది. గని నువ్వు మొన్న ఫోన్ల వినిపించింది గిట్ల లేదు. బస్సు గంత జల్ది పోదు బిడ్డా. చేవెళ్ల తొవ్వకు మొత్తం మర్రి చెట్లు, మల్పులు. ఆడోళ్లెక్కాలె, మూటలెక్కాలె, ఎన్కకెళ్లి రైట్ రైట్ అనాలె. అప్పుడు గేరెయ్యాలె."

*

మర్నాడు రాత్రి ముగ్గురం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. మిక్సింగ్ అయిపోయింది. ఆరు పాటలకీ రికార్డింగుని గుర్తుపట్టే ఐఎస్ఆర్‌సీ నంబర్లు, ఒక్కోటి పన్నెండు అక్షరాలు, వచ్చేశాయి. అప్‌లోడ్ నొక్కడమే మిగిలింది. నేను నాలుగో పాట మళ్లీ రికార్డు చేద్దామన్నాను. బేస్ అమ్మాయి లెక్కలు చూసే మనిషి, నెమ్మదిగా చెప్పింది: "అక్కా, స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు వినకపోతే ఆ పాటకి పైసా రాదు. మన పాటలు వెయ్యి దాటుతాయో లేదో. దాని కోసం మళ్లీ మొదటినుంచా?"

ఆమె మాట నిజం. కానీ నిన్న ఆ డెబ్బై మందిలో ఎవరైనా ఈ పాట వెతుక్కుని పెట్టుకుంటే, జవాబు చెబుదామని నోరు తెరిచేసరికి పాట ముందుకెళ్లిపోయి ఉంటుంది. ఆ మనిషిని వదిలేసి బస్సు వెళ్లిపోయినట్టే. నాకది ఒప్పుకోబుద్ధి కాలేదు. పాటని ముందు మనుషుల్లో పాడాలి, పది చోట్ల పాడాలి, తర్వాతే మైకు ముందు నిలబడాలి. మేం తలకిందులుగా చేశాం.

డప్పన్నకి ఫోన్ చేశాను. "ఆదివారం వస్త," అన్నాడు. "గా టిక్కు టిక్కు మాత్రం నాకు పెట్టకు."

ఆదివారం. మళ్లీ బొంతలు, మళ్లీ ఆంటీకి మాట. ఈసారి కూలర్ అసలు వేయలేదు. క్లిక్ లేదు, హెడ్‌ఫోన్స్ లేవు. రెండే ఇన్‌పుట్‌లు కాబట్టి నా గొంతుకీ గిటార్‌కీ కలిపి ఒక మైకు, డప్పుకి ఒకటి. ఒకే గదిలో ఎదురెదురుగా. లాప్‌టాప్ అన్న ముందే హెచ్చరించాడు: డప్పు నీ మైకులోకి వస్తుంది, నీ గొంతు డప్పు మైకులోకి వెళ్తుంది, ఒక లైన్ తప్పితే ఆ లైన్ ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. కుదరకపోతే కుదరదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తన మొదటి గ్రామ్‌ఫోన్ రికార్డులు ఇచ్చినప్పుడు అందరికీ కలిపి ఒకే కొమ్ము, మూడు నిమిషాలు, దిద్దుబాట్లు లేవు. ఆమె అంతటి గాయని, నేను కాదు. అయినా ఎదురుగా మనిషి ఉంటే నాలాంటిదానికీ ధైర్యం వస్తుంది.

డప్పన్న మేడ మీంచి దిగాడు. డప్పు వేడి తగలకుండా తువ్వాలు చుట్టి పట్టుకున్నాడు. బేస్ అమ్మాయి మూలన నేల మీద కూర్చుంది. ఆమె తీగలు తర్వాత కలుపుతాం, ఈ రోజు ఆమె పని జవాబు చెప్పడం. బాపు కూడా వచ్చాడు. తలుపు దగ్గర బొంతకి ఆనుకుని నిలబడ్డాడు.

డప్పన్న నా కళ్లలోకి చూసి మొదలుపెట్టాడు. నేను ఎత్తుకున్నాను. 'భూమి' దగ్గర ముఖం పక్కకి తిప్పాను. పల్లవి చివర ప్రశ్న వేసి ఆగాను. నాలుగు దెబ్బల ఖాళీ. మూలన బేస్ అమ్మాయి, ఎదురుగా డప్పన్న, తలుపు దగ్గర బాపు ముగ్గురూ అన్నారు. బాపు గొంతు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

పాట అయింది. ఎవరూ కదలలేదు. లాప్‌టాప్ అన్న వేలు మౌస్ మీద అలాగే ఉంది. స్క్రీన్ మీద డప్పు గీత ఇంకా సన్నగా వణుకుతూ, వణుకుతూ చదునైంది. అప్పుడు నొక్కాడు.

డప్పన్న అరచెయ్యి తోలు మీద ఆనించి కాసేపు ఉంచాడు.

"ఇంక వేడి వోలే," అన్నాడు. "ఇంకో పాట అయితది."