బోరింగు ఏ శాఖది? సీజీనెట్ స్వర సందేశాల్లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ స్వరూపం

ఫోన్‌లో తమ సందేశం రికార్డు చేసి, ఇతరుల సందేశాలు వినే వేదిక సీజీనెట్ స్వర గురించి రాసేవారు దాన్ని పత్రికారచన పద్దులోనే జమకడుతున్నారు. నా అభ్యంతరం అక్కడే మొదలైంది. 2012లో ప్రీతి ముద్లియార్, జొనాథన్ డానర్, విలియం థీస్ వెలువరించిన ‘ఎమర్జెంట్ ప్రాక్టీసెస్ అరౌండ్ సీజీనెట్ స్వర’ అనే పత్రం ఉపశీర్షికలోనే దాన్ని గ్రామీణ భారతంలో పౌర పాత్రికేయానికి వేదికగా నిర్వచించింది. థీస్ స్వయంగా ఆ వ్యవస్థ రూపకల్పనలో పాల్గొన్న మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ శాస్త్రవేత్త. వ్యవస్థాపకుడు శుభ్రాంశు చౌధరి బీబీసీలో పనిచేసిన విలేకరి, నైట్ అంతర్జాతీయ పాత్రికేయ ఫెలోషిప్ పొందినవారు. కన్నవారు తమకు తెలిసిన పేరు పెట్టుకున్నారు, సబబే. ఆ పేరునే పరిశోధకులు నిర్వచనంగా తీసుకోవడం మాత్రం సబబు కాదు. వార్త అంటే తెలియనివారికి తెలియజెప్పేది. స్వరలో ఫిర్యాదు సందేశం జవాబు చెప్పవలసినవాడిని వెతుక్కుంటూ వెళుతుంది. 2010లో మొదలైన ఈ ఫోన్ వ్యవస్థ ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర ప్రభుత్వం మీద ప్రజలు నోటితో కూర్చిన పౌరశాస్త్ర గ్రంథమని నా ప్రతిపాదన.

సందేశం నడక చూడండి. మాట్లాడేవారు ముందు తమ పేరు చెబుతారు. తరువాత గ్రామం, పంచాయతీ, బ్లాక్, జిల్లా, రాష్ట్రం, ఈ వరసలోనే. ఆపైన కష్టం: బోరింగు చెడిపోయింది, ఉపాధి హామీ కూలి రాలేదు, ముసలామెకు పింఛను ఆగింది, అటవీ హక్కుల పట్టా ఇవ్వలేదు. చివరికి వినేవారికి విన్నపం: ఫలానా నంబర్లకు ఫోన్ చేసి మాట్లాడండి, మాకు సాయపడండి. అక్కడ సర్పంచ్, సచివ్ (పంచాయతీ కార్యదర్శి), బ్లాకు స్థాయి జనపద్ పంచాయతీ సీఈఓ, కలెక్టర్ నంబర్లు వరసగా వస్తాయి. గోండిలో చెప్పిన సందేశంలోనూ పంచాయతీ, బ్లాక్, కలెక్టర్ అన్న మాటలు అలాగే నిలుస్తాయి.

ముద్లియార్ బృందం వాడిన పేరుతో చూస్తే మొదటి వరస కేవలం చిరునామా, చివరి వరస కేవలం నంబర్ల పట్టీ. రెండింటినీ పక్కపక్కన పెడితే కనబడేది వేరు. మొదటిది పౌరుడు కింది నుంచి పైకి ఎక్కే మెట్లు. రెండోది ఒక్కో మెట్టు మీద కూర్చున్న ఉద్యోగి. నడుమనున్న కష్టం ఈ గొంతు ఏ మెట్టు దగ్గర ఆగాలో నిర్ణయిస్తుంది. బోరింగు మరమ్మతు ఛత్తీస్‌గఢ్‌లో ప్రజారోగ్య ఇంజనీరింగ్ (పీహెచ్ఈ) శాఖది. రేషన్ దుకాణం ఆహార శాఖ పరిధిలోది. పైగా 2004 నాటి నియంత్రణ ఉత్తర్వు ప్రైవేటు డీలర్లను తప్పించి దుకాణాలను పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా బృందాలకు అప్పగించింది కనుక బియ్యం తగ్గితే ఎవరిని నిలదీయాలన్న ప్రశ్నకు జవాబే మారిపోయింది. పట్టా సంగతైతే గ్రామసభ దగ్గర మొదలై సబ్‌డివిజన్ కమిటీ, జిల్లా కమిటీల దాకా వెళ్ళాలి. ఏ కష్టం ఏ శాఖదో తేల్చుకోవడమే పౌరశాస్త్రం. బడిలో అసెంబ్లీకి 90 స్థానాలని బట్టీ పెట్టిన పిల్లవాడికి ఈ విద్య అబ్బదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక హెచ్చరిక. ఛత్తీస్‌గఢ్ సందేశంలో పట్వారీ మాట వినబడితే మనకు పాత తెలంగాణ ఊరు గుర్తుకొస్తుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మన దగ్గర ఆ వ్యవస్థను రద్దు చేసింది. అక్కడి పట్వారీ ఇవాళ్టికీ భూమి లెక్కలు చూసే ప్రభుత్వోద్యోగి. జనపద్ పంచాయతీని మన మండల పరిషత్తుతో పోల్చుకోవచ్చు కాని, బ్లాకును మండలమని అనువదిస్తే దారి తప్పుతాం. బ్లాకు మండలం కన్నా బాగా పెద్దది.

నా ప్రతిపాదనకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యం ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసనున్న కోంటా ప్రాంతం. శబరి ఒడ్డున, తెలుగూ దోర్లీ వినబడే ఆ ఊళ్ళకు నవా రాయపూర్‌లోని సచివాలయం మహానది భవన్ కన్నా మన భద్రాచలం ఎంతో దగ్గర. 1998కి ముందు అక్కడి మనిషి జిల్లా బస్తర్. ఆ ఏడాది దంతెవాడ అయింది. 2000 నవంబర్ 1న మధ్యప్రదేశ్ కాస్తా ఛత్తీస్‌గఢ్ అయింది. 2012లో జిల్లా సుక్మా అయింది. ఆ మనిషి ఉన్న ఇంటి నుంచి కదలలేదు, ప్రభుత్వమే ఆయన చుట్టూ మూడుసార్లు మారింది. 16 జిల్లాలతో పుట్టిన రాష్ట్రంలో 2022 నాటికి 33 జిల్లాలున్నాయి. సరిహద్దు అవతల చింతూరుదీ ఇదే కథ: 2014 దాకా ఖమ్మం, ఆపైన తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లా మారితే కలెక్టర్ మారతాడు, ఫోన్ నంబర్ మారుతుంది, ఆగిన పింఛను కాగితం ఏ కచేరీలో ఉందో అదీ మారుతుంది. ఆ మార్పును ముందుగా నోట పలకవలసింది ఫిర్యాదు చేసే మనిషే. అచ్చు పుస్తకం ఆ వేగం అందుకోలేదు. 2011 జనగణనలో సుమారు 30 లక్షల మంది మాతృభాషగా చెప్పుకున్నా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలుకు ఎక్కని గోండిలో అయితే అలాంటి పుస్తకం ఆశించేదే లేదు.

సందేశాలను నిర్వాహకులు వడపోసి, సరిచూసి ప్రచురిస్తారన్నదీ, ఎన్నో ఫిర్యాదులు తీరకుండానే మిగిలాయన్నదీ నిజమే. కాని తీరని ఫిర్యాదు కూడా ఎవరిని అడగాలో వినేవారికి చెబుతుంది.

ప్రభుత్వానికీ వినే ఏర్పాట్లున్నాయి. రాయపూర్‌లో ముఖ్యమంత్రి జన్‌దర్శన్, 2011 నాటి లోక్ సేవా గ్యారంటీ చట్టం, మన వైపు 2019 నుంచి 2024 దాకా ఆ పేరుతో నడిచిన స్పందన ఆ కోవలోవే. వాటిలో అర్జీకి రసీదు వస్తుంది. పక్క ఊరివాడికి ఆ అర్జీ సంగతి తెలియదు, అది ఏ బల్ల మీద ఆగిందో అసలే తెలియదు. స్వరలో ఒక ఊరి బోరింగు గొడవ విన్న ఇంకో ఊరివాడు తన బోరింగుకు ఎవరిని అడగాలో నేర్చుకుంటాడు. ఈ తేడాను పట్టించుకోని రాష్ట్ర పాలనాధ్యయనం ఏదైనా సగం అధ్యయనమే అంటాను. ఛత్తీస్‌గఢ్‌కే కాదు, ఆదివాసీ ప్రాంతాల కోసం రాజ్యాంగంలో ఉన్న అయిదో షెడ్యూలు వర్తించే ప్రతి రాష్ట్రానికీ ఇదే మాట.

పని జరిగాక వచ్చే కృతజ్ఞతా సందేశం కూడా అదే వరసలో నడుస్తుంది: గ్రామం, పంచాయతీ, బ్లాక్, జిల్లా. స్వరలో చెప్పాక అధికారులు వచ్చి బోరింగు బాగుచేశారు, ఫోన్ చేసిన మిత్రులకు ధన్యవాదాలు. ఆ సందేశం చివర అధికారుల నంబర్లు అక్కరలేదు. ఏ నంబరుకు చేయాలో ఆ ఊరికి అప్పటికే తెలుసు.