అంచు మీద లేని పేరు

పాత ఫోనోగ్రాఫ్ సిలిండర్ ఏ కాలానిదో తెలుసుకోవాలంటే దాని అంచు చూడాలి. పైభాగం తాకకూడదు, పాట గీతలు ఉండేది అక్కడే. లోపలి బోలులో రెండు వేళ్ళు దూర్చి పట్టుకోవాలి.

ఎడిసన్ కంపెనీ 1902లో నల్ల మైనం సిలిండర్లను అచ్చుపోయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అంచు మీద పాట పేరు, నెంబరు, ఎడిసన్ పేరు స్థిరపడ్డాయి. 1912లో వచ్చిన నీలి సెల్యులాయిడ్ సిలిండర్లదీ అదే పద్ధతి. అంతకుముందు వచ్చిన గోధుమరంగు మైనం సిలిండర్లకు ఈ గుర్తులు లేవు. డబ్బాలో పెట్టిన చీటీ పోతే ఇక మిగిలేది పాటకు ముందు గట్టిగా చదివిన ప్రకటనే.

ఈ విషయం చదివినప్పుడు నాకు గౌహర్ జాన్ గుర్తొచ్చింది. 1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఆమె పాటలు రికార్డు చేశాడు. అవి సిలిండర్లు కావు, గుండ్రటి రికార్డులు. వాటి ముద్రణ జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివాళ్ళు గుర్తుపట్టేందుకు పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పేది.

అది ఫ్యాక్టరీ అవసరం, నిజమే. కానీ ఒక తవాయఫ్ తన పేరు తనే పలికి, అది చెరిగిపోకుండా చేసుకున్న సందర్భం కూడా. అంచు మీది నెంబరు సరుకు ఎవరిదో చెబుతుంది. పాడినామె ఎవరో తెలియాలంటే చివరిదాకా వినాలి. పాత రికార్డుల జాబితాలు రాసేవాళ్ళు నెంబరుతో ఆగిపోతే, ఆమె చెప్పుకున్న పేరును మనమే మళ్ళీ చెరిపేసినట్టు.