మరమ్మతు, జీర్ణోద్ధరణ: ఇంగిల్‌షమ్ చర్చి కట్టడమును గూర్చిన పరిశీలన

థేమ్స్ నది లెచ్‌లేడ్ పట్టణమును చేరుటకు కొంచెము ముందు, కోల్న్ అను చిన్న యేరు వచ్చి దానిలో కలియు తావునకు చేరువను, ఇంగ్లండులోని విల్ట్‌షైర్ మండలపు ఉత్తరపు కొసయందు, బాప్తిస్మమిచ్చు యోహాను పేర వెలసిన చిన్న చర్చి యొకటి కలదు. మధ్యయుగమున దాని చుట్టు నుండిన గ్రామము క్రమముగా చెదరిపోగా, నేడు కొద్దిపాటి ఇండ్లును, పచ్చికబయళ్లును, నదిమీదుగా వీచు చలిగాలియు మాత్రమే దానికి తోడుగా మిగిలినవి. దానికి గోపురము లేదు. పడమటి గోడ కొప్పుమీద 13వ శతాబ్దమునాటి గంటల గూడు మాత్రము కలదు. శిల్పవైభవమునుబట్టి ఇంగ్లండు చర్చిలకు అంతరువు లేర్పరచినచో దీనికి అగ్రస్థానము దొరకదు. అయినను పాత కట్టడమును కాపాడుట యన నేమి యను వివాదమున ఈ చిన్న చర్చికి గల ప్రాముఖ్యము పెక్కు మహాలయములకు లేదు.

మనకు మరమ్మతను మాట యన్న ఒకింత చులకన. కారుచున్న కప్పునకును, పూడిన తూమునకును చేయునది మరమ్మతు; దేవాలయమునకు చేయునది జీర్ణోద్ధరణ. మొదటిది పారసీకము వెంట వచ్చి, మరామతు శాఖ గుమాస్తాల కాగితములలో నలిగిన మాట. రెండవది ఆగమశాస్త్రముల గాంభీర్యము గలది. 19వ శతాబ్దపు ఇంగ్లండునందును ఇట్టి రెండు మాటల నడుమనే పోరు సాగెను. చిత్రమేమనగా, అచ్చట చులకన మాట పక్షమున నిలిచినవారు కవులును, చిత్రకారులును. ఘనమైన మాట పక్షమున నిలిచినవారు మతాచార్యులును, పేరుమోసిన వాస్తుశిల్పులును. ఇంగిల్‌షమ్ చర్చి మొదటివారి వాదమునకు రాతిలో మిగిలిన సాక్ష్యము.

ముందుగా కట్టడమును చూతము. 1205 ప్రాంతమున జాన్ రాజు ఈ చర్చిని, తాను నెలకొల్పిన బ్యూలీ మఠమునందలి సిస్టర్షియన్ సన్యాసులకు దానముచేసెను. నేడు కనబడు గోడలలో అధికభాగము ఇంచుమించు ఆ కాలమునకు చెందినదే. జనులు కూడు మధ్యశాల, దాని కిరువైపుల కమానుల వరుసలు, వాని కావల ఇరుకైన పార్శ్వశాలలు, తూర్పున పూజావేదిక గల చాన్సెల్: ఇంగ్లండులోని వేలకొలది పల్లెచర్చిల పోలికయే ఇచ్చటను. చాన్సెల్ గోడల లోపలి ముఖమున గోడ కంటుకొనియే యున్న మూతకమానుల వరుస మాత్రము, ఇంత చిన్న కట్టడమున ఎదురుచూడని సొంపు. తరువాతి శతాబ్దములవారు తమ కాలమునకు నచ్చిన పెద్ద కిటికీలను గోడలు తొలిచి అమర్చిరి. 15వ శతాబ్దమున కొయ్యతెరలు వెలసెను. ఒక గోడలో మూడు శతాబ్దముల కిటికీలు పక్కపక్కన నుండుట మధ్యయుగపు కట్టడములందు వింతగాదు.

విచారణ చర్చి యనునది (మన రోమను కతోలికులు పారిష్‌ను విచారణ యనియే వ్యవహరింతురు) ఒక్కచేతి సొత్తు కాకపోవుట ఈ అతుకులకు ముఖ్యకారణము. ఇంగ్లండు ఆచారము ననుసరించి చాన్సెల్‌ను బాగుచేయు భారము పంటలో పదియవ పాలు గ్రహించువానిది. మధ్యశాల భారము ఊరివారిది. కావున ఒకవైపు సంపన్నముగను, ఒకవైపు వెలవెలబోవుచును ఉన్న చర్చిలు అనేకములు. కప్పు మారిన యేడు కిటికీ మారదు. కిటికీ మారిన యేడు గోడకు వెల్లవేయుటకైనను రొక్క ముండదు. ఈ ఎగుడుదిగుళ్లే వాని చరిత్ర.

ఇంగిల్‌షమ్ గోడలమీది చిత్రలేఖనములందు ఈ చరిత్ర మరింత దగ్గరగా కనబడును. 13వ శతాబ్దము మొదలు 19వ శతాబ్దము వరకు ఒకరి పూతపై నొకరు వెల్లవేసి, దానిపై మరల చిత్రించుచు వచ్చిరి. అడుగు పొరలో మధ్యయుగపు రంగుటలంకారములు. 16వ శతాబ్దపు మతసంస్కరణమున విగ్రహములును, చిత్రములును నిషిద్ధములైన పిదప వానిపై తెల్లని సున్నము. ఆ సున్నముపై బొమ్మలకు మారుగా నల్లని అక్షరములలో బైబిలు వాక్యములు. ఆ వాక్యములును ఒక తరమువి కావు. ఒకచోట పెచ్చూడి, ఒక అక్షరపు తోక క్రిందినుండి అంతకంటె పాత అక్షరపు తల తొంగిచూచును. దాని క్రింద ఎర్రని రంగు. ఏ పొరను చూపవలెనన్నను పైపొరను చంపవలెను. కావున ఇచ్చటివారు దేనిని పూర్తిగా చూపలేదు. అన్నిటిని తునుకలు తునుకలుగా నుండనిచ్చిరి. చదువవచ్చినవానికి అసంపూర్ణముగా నున్న ఈ గోడ, పూర్తిగా తేటపరచిన గోడకంటె ఎక్కువ చెప్పును.

మధ్యశాల నిండ తలుపులు గల పెట్టెబల్లలున్నవి. 17, 18 శతాబ్దములవి. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క చిన్నగదివంటి బల్లలో కూర్చుండి, తలుపు మూసికొని, కాళ్లకు గాలి తగులకుండ ప్రసంగము వినెడివారు. ఈ బల్లలే 19వ శతాబ్దపు ఉద్ధారకులకు కంటిలో నలుసులైనవి.

1839లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జాన్ మేసన్ నీల్, బెంజమిన్ వెబ్ మొదలగు యువకులు కొందరు కేంబ్రిడ్జి కామ్డెన్ సంఘమును స్థాపించిరి. 1300 ప్రాంతమునను, ఆ తరువాతి కొన్ని దశాబ్దములందును విలసిల్లిన గోతిక్ శైలియే క్రైస్తవ నిర్మాణకళకు పరాకాష్ఠ యనియు, మతసంస్కరణ తరువాత వచ్చి చేరిన పెట్టెబల్లలు, గ్యాలరీలు, వెల్లపూతలు అన్నియు మాలిన్యము లనియు వీరి సిద్ధాంతము. విక్టోరియా కాలపు సంపదయు, మతోత్సాహమును తోడుకాగా ఆ సిద్ధాంతము దేశమంతట ప్రాకెను. ఉద్ధరణ పేర బల్లలు పీకివేయబడెను. 15వ శతాబ్దపు కిటికీలు 14వ శతాబ్దపు నమూనాకు మార్చబడెను. లోపలిగోడల గచ్చు గోకివేయబడెను.

గచ్చు గోకుటను గూర్చి ఒకమాట చెప్పక తీరదు. మధ్యయుగపు తాపీపనివాడు గోడను వంకరటింకర రాళ్లతో, సున్నపు అడుసుతో కట్టి, దానిని గచ్చుతో కప్పి, రంగు వేయుట కుద్దేశించెను. ఉద్ధారకులు ఆ గచ్చును గోకివైచి, లోని మొరటు రాళ్లకు సిమెంటు దరజులు పెట్టి, ఇదియే నిజమైన మధ్యయుగమని మురిసిరి. ఆ రాళ్లను మధ్యయుగపు భక్తుడెన్నడును చూచి యుండలేదు. గచ్చుతోపాటు దానిమీది చిత్రములును చెత్తబండ్ల కెక్కెను. ప్రాచీనతయందలి ప్రేమయే ప్రాచీనతను ఇంతగా నాశనముచేసిన ఘట్టము చరిత్రలో అరుదు.

1849లో కళావిమర్శకుడగు జాన్ రస్కిన్ తన వాస్తుగ్రంథమున, ఉద్ధరణ యనబడునది కట్టడమున కెల్ల అతిఘోరమైన వినాశమనియు, అది ఆద్యంతము అబద్ధ మనియు ఖండించెను. అయినను ఆ మాట కార్యరూపము దాల్చుటకు సుమారు 30 ఏండ్లు పట్టెను. 1876లో కవియు, అలంకారకళాకారుడును అగు విలియం మారిస్ బర్ఫర్డ్ చర్చిలో సాగుచున్న పనులను చూచి కలతచెందెను. ఆ పనులు నడపుచున్న జార్జి ఎడ్మండ్ స్ట్రీట్ మరెవరో కాదు. 1856లో మారిస్ వాస్తువిద్య నేర్వ చేరినది ఆయన కార్యాలయముననే. 1877 మార్చిలో ట్యూక్స్‌బరి ఆలయమును వాస్తుశిల్పి గిల్బర్ట్ స్కాట్ ఉద్ధరింపబూనెనని తెలిసి మారిస్ అథీనియం పత్రికకు లేఖ వ్రాసెను. ఆ నెలలోనే ప్రాచీన కట్టడముల సంరక్షణ సంఘ మేర్పడెను. గోకుడు వ్యతిరేకులని దానికి ఎగతాళిపేరు వచ్చినది. సభ్యులు ఆ పేరును సంతోషముతోనే స్వీకరించిరి. చర్చి కిటికీలకు రంగుటద్దములు చేసి యమ్మి పేరుగన్నది మారిస్ సంస్థ. అట్టి సంస్థ ఉద్ధరణకు లోనగుచున్న పాత చర్చిలకు అద్దములు చేయమని ఆ యేడే ప్రకటించెను. సిద్ధాంతమునకు తన జేబులోనుండి వెల చెల్లించినవాడు గనుక ఆతని మాటకు బరువు హెచ్చెను.

మారిస్ 1871 నుండియు కౌలుకు తీసికొనియున్న కెల్మ్‌స్కాట్ ఇల్లు ఇంగిల్‌షమ్‌కు ఎంతో దూరము కాదు. చర్చి అప్పటికి శిథిలావస్థలో నున్నది. దానిని అంతకాలము ఉద్ధారకుల చేతినుండి కాపాడినది, నిజము చెప్పవలెనన్న, భక్తియు కాదు, రసజ్ఞతయు కాదు, దారిద్ర్యము. ఊరు లేని చర్చికి పెద్దపని చేయించు స్థోమత ఎవరికి? అయితే దారిద్ర్యము పెట్టెబల్లలను కాపాడగలదు గాని కప్పును కాపాడలేదు. 1888–89 సంవత్సరములలో మారిస్ పూనికతోను, ధనసహాయముతోను చర్చి మరమ్మతు జరిగెను. ఆ సంగతి తెలుపు చిన్న ఫలకమొకటి లోపల కలదు. పని నడపిన వాస్తుశిల్పి జె.టి. మికిల్‌త్వైట్, ఈయన విద్య నేర్చినది గిల్బర్ట్ స్కాట్ వద్ద! ఉద్ధారకుల పాఠశాలనుండియే మరమ్మతు పక్షమునకు మనిషి దొరకుట విధివిలాసము గాక మరేమి?

ఆ మరమ్మతును నేడు చూపుమన్న చూపుట కష్టము. దాని గొప్పతన మచ్చటనే యున్నది. బల్లలు కదలలేదు, తెరలు కదలలేదు, గచ్చు గోడనంటియే యున్నది. ఈ సంప్రదాయమువారి పనితీరును రాయి మొదలు కప్పు వరకు పరికించినచో, అది ప్రధానముగా నీటితో జరుపు వ్యాజ్యమని బోధపడును. సమాధులచే శతాబ్దములుగా మెరకవేయబడిన ఆవరణపు నేల, గోడ అడుగుభాగమున తేమను నిలుపును. అందుచేత గోడచుట్టు కాలువ తీయుదురు. సీసపురేకులు ఎండకు సాగి, చలికి ముడుచుకొని, కాలక్రమమున చీలును. వానిని కరగించి మరల రేకులుగా పోయుదురు. తూములలో పడిన ఆకులను ఏటేట తీయుదురు. అన్నిటికంటె ముఖ్యము సున్నము. సున్నపు అడుసు రాతికంటె మెత్తన. గోడలోనికి చేరిన తేమ దరజుల గుండ వెలికి వచ్చి ఆరిపోవును, చెడినచో దరజే చెడును. 1824లో హక్కుపత్రము పొందిన పోర్ట్‌లండ్ సిమెంటు అట్లు గాదు. అది రాతికంటె గట్టిది. తేమకు దరజు త్రోవ మూసికొనిపోగా, నీరు రాతినుండియే వెలువడవలెను. శీతకాలమున ఆ నీరు గడ్డకట్టి రాతిముఖమును పెచ్చులుగా ఊడగొట్టును. కొన్ని యేండ్లకు సిమెంటు గీతలు వలవలె నిలిచి, నడుమ రాళ్లు గుంటలుపడి యుండును. రాయిని కాపాడ పెట్టిన దరజు రాయిని తిన్నదన్నమాట.

సంరక్షకులును పొరపాట్లకు అతీతులు కారు. 20వ శతాబ్దపు పూర్వార్ధమున గోడచిత్రములకు రక్షణగా మైనము పూయు పద్ధతి ఇంగ్లండున ప్రబలెను. ఆ మైనము తేమను లోన బంధించి, ధూళిని పైన పట్టి, పెక్కుచోట్ల చిత్రములకే చేటు తెచ్చెను. తరువాతివారు దానిని తొలగించుటకే యేండ్లు శ్రమపడవలసివచ్చెను. స్కాట్ ప్రభృతులను దూషించునప్పుడు దీనిని మరువరాదు. వారు పూనుకొననిచో కూలిపోయి యుండు గోడలు కొన్ని యైన లేకపోలేదు.

మారిస్ సిద్ధాంతమున నాకు తోచు చిక్కు వేరొకటి. పూర్వులు మార్చినప్పుడు తమ కాలపు చేతివ్రాతతోనే మార్చిరి, కావున అది చరిత్ర. 19వ శతాబ్దమువారు గతపు చేతివ్రాతను అనుకరించిరి, కావున అది కూటలేఖనము: ఇది ఆతని వాదసారము. వాదము దృఢమైనదే. కాని ప్రతి తరమును గోడమీద తన మాట వ్రాసినదని మెచ్చుకొనుచునే, మన తరము మాత్రము కలము ముట్టరాదనుట ఎట్లు పొసగును? ఇంగిల్‌షమ్‌లో ఈ ప్రశ్న దానంతట అదియే సమసిపోయినది. అచ్చట నిత్యారాధన నిలిచిపోయి, చర్చి వాడుక తప్పిన ఆలయముల సంరక్షణ నిధి అధీనమునకు వచ్చినది. 1969లో నెలకొన్న ఆ సంస్థయే నేటి చర్చిల సంరక్షణ ట్రస్టు. వాడువారు లేనిచోట మార్పుకోరువారును లేరు. నిత్యము జనులు మసలు చర్చిలలో, చలికి వేడిగొట్టములు, ముసలివారికి వాలుదారి, పిల్లలకు చోటు కావలెననువారి యెదుట ఈ సిద్ధాంతము నేటికిని తడబడుచునే యున్నది.

వాడుకలోనున్న కట్టడమునకును, వాడుక తప్పినదానికిని గల ఈ భేదమును భారతదేశమున గుర్తించినవాడు పురావస్తుశాఖాధిపతి సర్ జాన్ మార్షల్. 1923లో వెలువడిన ఆయన సంరక్షణ నియమావళి, ప్రాచీన కట్టడములను కొత్తవి చేయుటకాక ఉన్నవానిని ఉన్నట్లు నిలుపుటయే ప్రథమ ధర్మమని పురావస్తుశాఖవారికి విధించినది. నిత్యపూజ జరుగు ఆలయముల విషయమున అంతకంటె ఎక్కువ మార్పు అవసరము కావచ్చునని కూడ అది ఒప్పుకొనెను. మారిస్ సంఘపు భావములు మన పురావస్తుశాఖకు చేరిన దారులలో ఇది ముఖ్యమైనది.

ఇంగిల్‌షమ్ చర్చిలో అన్నిటికంటె పాతవస్తువు గోడలకంటె పాతది. నార్మనుల రాకకు పూర్వమే, ఆంగ్లోసాక్సను కాలమున చెక్కిన మరియమ్మ రాతిఫలకము: ఒడిలో శిశువు, పైనుండి దిగివచ్చుచున్న దేవుని హస్తము. మూర్తులు బిగువుగా, ఇంచుమించు పసివాని చేతిబొమ్మవలె నున్నను, తల్లి శిశువుమీదికి వంగిన వంపున ఒక లాలిత్యము కలదు. చిరకాలము అది దక్షిణపు గోడ వెలుపలి వైపున నుండినది. ఎవరో ఎన్నడో దానినే ఎండగడియారముగా మలచుకొని, గంటలు తెలుపు గీతలు చెక్కుకొనిరి. ఎండవానలకు రాయి అరిగిపోవుచున్నదని 1910లో దానిని లోపలికి తెచ్చి గోడకు పొదిగిరి. ఉన్నదానిని ఉన్నచోటనే ఉండనిండని బోధించినవారి చర్చిలో, కాపాడుటకై కదల్చిన రాయి యది. తల్లియు, బిడ్డయు మిగిలిరి. ఎండ సోకని ఆ గోడమీద, ప్రార్థనవేళలు తెలుపు గీతలును ఇంకను కనబడుచున్నవి.