టైటానిక్ నౌకలో గుంటూరు బాలిక

1912వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన ఇంగ్లాండునందలి సౌతాంప్టన్ రేవునుండి టైటానిక్ అను క్రొత్త నౌక న్యూయార్కునకు తన తొలి ప్రయాణము సాగించెను. అందు కోటీశ్వరులు కలరు. అమెరికాలో కూలి చేసియైనను బ్రతుకవచ్చునను ఆశతో మూటాముల్లె సర్దుకొనిన పేదలును కలరు. ఈ ఓడ కథ వినని వారరుదు. కాని గుంటూరునుండి బయలుదేరిన కుటుంబమొకటి దానిలో నుండెనని ఎరిగినవారు కొలదిమందియే.

1842లో ఫాదర్ హయ్యరు గుంటూరు వచ్చి ప్రారంభించిన లూథరన్ మిషనులో, తరువాతి కాలమున, ఆలెన్ బెకరు అను అమెరికను దొర పనిచేయుచుండెను. ఆయన పెద్ద కుమార్తె రూతు 1899లో గుంటూరులోనే జన్మించినది. పసివాడగు రిచర్డునకు జబ్బు చేయగా, అమెరికాకు తీసికొని పొమ్మని వైద్యులు చెప్పిరి. తండ్రి గుంటూరులోనే నిలిచిపోయెను. తల్లి నెల్లీ పండ్రెండేండ్ల రూతును, నాలుగేండ్ల మేరియనును, రెండేండ్లైనను నిండని రిచర్డును వెంటబెట్టుకొని, టైటానిక్‌లో రెండవ తరగతి ప్రయాణికురాలయ్యెను.

ఆ ఓడలో పరుపులు, పళ్లెములు, సమస్తమును ఎవరును వాడనివే. రూతు తమ్ముని చిన్న బండిలో కూర్చుండబెట్టి ఓడపై త్రిప్పుచుండెడిది. క్రొత్త ఓడ యెట్లుండునో యని తల్లికి మాత్రము దిగులు తీరలేదు.

అదే తరగతిలో, మధ్యపరగణాలలోని జాంజగీరున బాలికల పాఠశాల నడపిన ఆనీ ఫంక్ అను ఉపాధ్యాయిని కలదు. తల్లికి జబ్బని తెలిసి ఆమె స్వదేశమునకు మరలినది. బొగ్గుగనుల సమ్మెవలన తాను ఎక్కవలసిన ఓడ కదలకపోగా టైటానిక్ ఎక్కినది. ఏప్రిలు 12న, నడిసముద్రమున, ఆమెకు 38 ఏండ్లు నిండెను.

14వ తేదీ రాత్రి 11-40 గంటలకు ఓడ మంచుకొండను తాకెను. యంత్రముల చప్పుడు ఆగుటతో నెల్లీ మేల్కొనినది. వెంటనే పైకి రావలెనని నౌకరు చెప్పగా, బట్టలు మార్చుకొను వ్యవధి యున్నదాయని ఆమె అడిగెను. దేనికిని వ్యవధి లేదని అతడు బదులు చెప్పెను. పైన చలి దుర్భరముగా నుండుటచే, కంబళ్లు తెమ్మని ఆమె రూతును గదికి పంపెను.

చిన్నవారిద్దరిని నావికులు 11వ పడవలో వేసి, ఇక చోటు లేదనిరి. తల్లి బ్రతిమాలి అందెక్కెను. ఓడపైనే మిగిలిపోయిన రూతును చూచి, వేరొక పడవ ఎక్కుమని కేక వేసెను. పండ్రెండేండ్ల పిల్ల ఒంటరిగా 13వ పడవకడకు పోయి చోటడిగి ఎక్కినది. ఆ పడవ నీటిపై దిగగానే, 15వ పడవ సరిగా దాని నెత్తిమీదికి దిగివచ్చుచుండెను. మోకులు కోసి వారు తృటిలో తప్పించుకొనిరి. బొగ్గు వేయు పనివారు పలుచని బట్టలతో వణకుచుండగా, రూతు తెచ్చిన కంబళ్లను చింపి పంచిపెట్టిరి.

ఓడ రాత్రి 2-20 గంటలకు మునిగెను. అందున్నవారు సుమారు 2,200 మంది; 20 పడవలలో పట్టువారు 1,178 మంది. ఆనాటి చట్టము ఓడ పరిమాణమునుబట్టి పడవలు ఉంచుమనెనేగాని మనుష్యుల సంఖ్యనుబట్టి కాదు. సుమారు 1,500 మంది మరణించిరి. వారిలో ఆనీ ఫంక్ ఒకతె.

స్త్రీలకును బిడ్డలకును ముందు చోటిచ్చిరని చెప్పుకొందురు. బ్రిటిషు విచారణలోని లెక్క చూచిన ఆ మాట సగమే నిజమని తోచును. రెండవ తరగతి బిడ్డలు 24 మందియు బ్రతికిరి. మూడవ తరగతి బిడ్డలు 79 మందిలో బ్రతికినవారు 27 మంది. బెకరు బిడ్డలు మరియొక టిక్కెట్టుపై వచ్చియుండిన వారి గతి యెట్లుండెడిదో!

తెల్లవారుజామున కార్పేథియా ఓడ వచ్చి పడవలవారిని ఎక్కించుకొనెను. కొన్ని గంటల వెదకులాట తరువాత రూతు తల్లిని, చెల్లెలిని, తమ్ముని చేరుకొనినది.

ఆమె తరువాత అమెరికాలో ఉపాధ్యాయినియై స్థిరపడెను. చిరకాలము ఆ రాత్రిని గూర్చి నోరు విప్పలేదు. ఆమె కన్నబిడ్డలకే చాలకాలము ఆ సంగతి తెలియదు. వృద్ధాప్యమున మాత్రము అడిగినవారికి చెప్పసాగెను. 1990లో తన తొంబదవ యేట మరణించినది. ఆమె కోరిక ననుసరించి, ఓడ మునిగిన చోట ఆమె చితాభస్మమును సముద్రమున కలిపిరి.