బోర్బన్‌కు ఏళ్లు.. తాటి కల్లుకు గంటలే: రుచి వెనుక అసలు లెక్క ఇదీ!

అమెరికాలో అరుదైన పాత బోర్బన్ విస్కీ బాటిల్ లక్షల రూపాయలు పలుకుతుంది. మన బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు తాటిచెట్టు నుంచి దింపిన కల్లు మాత్రం మర్నాటికి నోట పెట్టుకోలేనంత పులిసిపోతుంది. ఇంత తేడా ఎందుకు? కల్లు మంచిదో, కల్తీదో తెలిసేదెలా?

బోర్బన్ రుచి ఎక్కడిది?

బోర్బన్‌లో వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. దాన్ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిల్వ చేయాలి. ఆ చెక్క నుంచే రంగు, వెనీలా లాంటి వాసన వస్తాయి. అయితే బాటిల్‌లోకి చేరాక దాని వయసు పెరగదు. పాత బాటిల్‌కు అంత ధర రావడానికి కారణం అది అరుదుగా దొరకడమే.

కల్లులో ఏం జరుగుతుంది?

తాటిగెల కొసను గీత కత్తితో పల్చగా చెక్కి, కింద కుండ కడతారు. చుక్కచుక్కగా కారే రసంలో 10 శాతానికి పైగా చక్కెర ఉంటుంది. గాల్లో ఉన్న ఈస్ట్, పాత కుండ అడుగున మిగిలిన మడ్డి తగిలితే చాలు.. చెట్టు మీదే పులియడం మొదలవుతుంది. కల్లులో ఆల్కహాల్ సాధారణంగా 4 నుంచి 6 శాతం ఉంటుంది. బోర్బన్‌లో అది కనీసం 40 శాతం.

కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. అదే నీరా. ఇందులో మత్తు ఉండదు. దింపిన వెంటనే చల్లగా ఉంచాలి, లేదంటే ఇదీ కల్లుగా మారిపోతుంది. నీరాను కాచితే తాటిబెల్లం వస్తుంది. 'నీరా సహజం కదా, షుగర్ ఉన్నోళ్లు కూడా ఎంతైనా తాగొచ్చు' అనుకుంటే పొరపాటే. అందులో ఉన్నదీ చక్కెరే.

రుచిలో తేడా ఇలా..

* నీరా: దాదాపు తేటగా, తియ్యగా ఉంటుంది. తాటిముంజ నీళ్లను గుర్తుచేస్తుంది.
* ఉదయం దింపిన కల్లు: తెల్లగా, కాస్త నురగతో, తీపి పులుపు కలిసి ఉంటుంది.
* సాయంత్రం కల్లు: తీపి తగ్గుతుంది, పులుపు, ఘాటు పెరుగుతాయి.
* మర్నాటి కల్లు: వెనిగర్ వాసన వస్తుంది.

కల్తీతోనే అసలు ముప్పు

కల్లు నిల్వ ఉండదు, ఎక్కువ దూరం పోదు. అందుకే చెట్లు లేని చోట, సీజన్ కాని రోజుల్లో కూడా కల్లు పుష్కలంగా దొరుకుతోందంటే అనుమానించాల్సిందే. నీళ్లలో శాక్రిన్, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటివి కలిపి అమ్మిన కేసులు ఉన్నాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

రుచి చూసి ఈ మందులను పసిగట్టడం కష్టం. ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది. కల్లు తాగాక మగతగా ఉన్నా, వాంతులు, విరేచనాలు అవుతున్నా, మాట తడబడినా ఆలస్యం చేయొద్దు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి. ఏం తాగారో డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

చెట్టెక్కేవాళ్ల సంగతి

ముదురు తాటిచెట్టు 60 అడుగులు దాటుతుంది. గెల ఎండిపోకుండా రోజూ చెక్కాలి కాబట్టి గీత కార్మికులు మోకు సాయంతో రోజూ చెట్టెక్కాల్సిందే. పట్టు తప్పితే ప్రాణం పోవచ్చు, నడుము విరగొచ్చు. పక్కనే ఉన్న తెలంగాణలో 2024 జులైలో 'కాటమయ్య రక్ష' పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలైంది. ఇంత కష్టపడి దింపిన అసలు కల్లు కొద్దిగానే వస్తుంది. కల్తీ సరుకు చవగ్గా దొరికితే ముందుగా నష్టపోయేది ఈ కార్మికులే.