గింజ వచ్చింది, సున్నం రాలేదు

మొక్కజొన్న రొట్టె అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది. కానీ ఆ గింజ పుట్టిల్లు మెక్సికో. అక్కడి ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రుబ్బి రొట్టెలు చేసేవారు. సున్నంతో పొట్టు ఊడేది, పిండి ముద్దకట్టేది. అంతకంటే పెద్ద మేలు, గింజలో బిగుసుకుపోయిన నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేది.

కొలంబస్ తర్వాత గింజ సముద్రం దాటింది. ఆ వంట పద్ధతి మాత్రం దాటలేదు. మొక్కజొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా పట్టుకుంది. ఎండ తగిలినచోట చర్మం కమిలిపోవడం, విరేచనాలు, మతి చెదరడం, చివరికి చావు. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు దీన్ని గమనించాడు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, మొక్కజొన్న రొట్టె, పందికొవ్వు, చెరకుపాకంతో సరిపెట్టుకునే ఇళ్ళలో వేలమంది పోయారు. చాలామంది అంటురోగమనుకున్నారు. 1914లో ఈ పని చేపట్టిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం పెట్టించి, లోపం తిండిలోనే ఉందని చూపించాడు. ఆ లోపం నయాసిన్‌దని 1937 తర్వాత తేలింది.

ఇప్పుడు మనం నాలుగు రకాలూ తింటాం కాబట్టి భయం లేదు. అయినా మొక్కజొన్న బ్రెడ్ చేసినప్పుడు పాలు, గుడ్లు, జీలకర్రతో పాటు గుప్పెడు వేరుశనగపలుకులు వేస్తాను. వాటిలో నయాసిన్ దండిగా ఉంటుంది. కొత్త గింజను ఇంటికి తెచ్చుకునేటప్పుడు, దాన్ని తరతరాలుగా వండిన ఆడవాళ్ళ పద్ధతి కూడా అడిగి తెచ్చుకోవాలండీ.