చూపు ఎక్కడ ఆగాలి?

ఒక కాగితం మీద ఏది ముదురు రంగులో ఉండాలి, ఏది పెద్దక్షరాల్లో రావాలి అనేది రాజకీయ నిర్ణయమే. అణగారిన కులాల లెక్కలు ప్రభుత్వ రిపోర్టుల్లో లేకపోలేదు. చివరి అనుబంధాల్లో, చీమల బారుల్లాంటి పట్టికల్లో పడి ఉంటాయి. కంటికి ఆనని అంకె ఎవర్నీ కదిలించదు.

ఈ సంగతి బాగా తెలిసినవారు డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆయన అట్లాంటా యూనివర్సిటీ విద్యార్థులతో కలిసి అరవై దాకా చార్టులు చేత్తో గీసి రంగులు వేయించారు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి 35 ఏళ్లే. నల్లవాళ్లది పుట్టుకతోనే తక్కువ జాతి అని తెల్ల పండితులు సైన్సు పేరు చెప్పి వాదిస్తున్న రోజులవి.

వాటిలో ఒక చార్టు 1790 నుంచి 1870 దాకా కథ చెపుతుంది. కాగితం నిండా నలుపు, అది బానిసలు. పైన సన్నటి ఆకుపచ్చ చార, అది స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు. 1790లో 8 శాతం, 1860లో 11 శాతం. డెబ్భై ఏళ్ల పొడుగునా చూపు ఆ నల్లగోడకే కొట్టుకుంటుంది. 1870 దగ్గర ఆకుపచ్చ ఒక్కసారిగా అడుగుదాకా దిగుతుంది: 100 శాతం. అక్షరం రానివాళ్లకి కూడా అర్థమయ్యే చరిత్ర ఇది.

అయితే కొట్టొచ్చినట్టు కనపడే రంగు కొన్నిటిని కప్పేస్తుంది కూడా. స్వేచ్ఛ నూటికి నూరు శాతమైతే, 1896లో ప్లెస్సీ కేసులో నల్లవాళ్లకి వేరే రైలుపెట్టెలు చెల్లుతాయని అమెరికా సుప్రీంకోర్టు ఎట్లా అనగలిగింది? దీనికి జవాబు ఇంకో చార్టులో దొరుకుతుంది. 1860లో 89 శాతం బానిసలు. పక్కనే 1890లో 81 శాతం కౌలుదార్లు, సొంత భూమి ఉన్న రైతులు 19 శాతం. ఒక్క తరంలో సాధించిన ఎదుగుదల చూడమని డుబాయిస్ దాన్ని గీయించారు. ఆ 19 చిన్నదేం కాదు. కానీ భూమిలేని కులాల నుంచి వచ్చిన మన చూపు 81 దగ్గరే ఆగిపోతుంది.

1946లో అంబేద్కర్ ఇదే డుబాయిస్‌కి ఉత్తరం రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు అడిగారు. ఆ ఇద్దరి మధ్య నడిచిన ఇచ్చిపుచ్చుకోవడాన్ని మనం ఇంకా ముందుకు తీసుకుపోవచ్చు. 2023లో బీహారు కులసర్వే లెక్కలు బయటికొచ్చాయి, 2024లో తెలంగాణలో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశారు. లెక్క తీయమని కొట్లాడటం సగం పని. అందులో భూమి లెక్క ఏ రంగులో, ఎంత ఎత్తున గోడెక్కాలో తేల్చుకోవటం మిగతా సగం. ఆ కుంచె మన చేతిలోనే ఉండాలి.